కైలాసం పడ్డడు

"నా కొడుక్కు ఏమన్న అయితే నిన్ను బతకనియ్య."

మంచిర్యాల దవాఖాన వరండాల డ్రిల్లు సారు బాలమల్లు అంగి పట్టి గుంజుతుండు వడ్ల గిర్నీ దశరథం. చుట్టూ జనం చేరిండ్రు గని విడిపించేటోడు లేడు. గిర్నీ సేటు ముందట నోరెత్తాలంటే ఎవలకైనా జంకే. బాలమల్లు చెయ్యి సుత అడ్డం పెట్టలే. తలకాయ దించుకొని నిలవడ్డడు.

పొద్దున బడి మైదానంల పిల్లగాండ్లు ఉరుకుతుంటే, నడుమల దశరథం కొడుకు కైలాసం బొక్కబోర్లా పడ్డడు. తొమ్మిదో తరగతి పిల్లగాడే గని మనిషి పెద్ద బరువు. ఎంత పిలిచినా పలుకలే, ఎంత కుదిపినా కండ్లు తెరువలే. సారు అటు పోతున్న ఎడ్లబండిని ఆపి, నలుగురిని సాయం పట్టి ఎక్కించి, దవాఖానకు తెచ్చిండు.

కబురందంగనే దశరథం గిర్నీల నుంచి చెప్పులు సుత ఏసుకోకుండ ఉరికొచ్చిండు. వచ్చి దవాఖాన మెట్ల కాడ ఆగిపోయిండు. ఊపిరి అందలే. చెమటకు అంగి ఒంటికి అతుక్కపోయింది. కొడుకు మీద పాణం గదా, గట్లనే ఉంటదనుకున్నరు చూసినోళ్లు. జర తేరుకున్నంక సారు మీదికి పోయిండు.

"ఎవలనడిగి ఉరికించినవ్ నా కొడుకును? చైనోళ్ల మీదికి లడాయికి పంపుతవా?"

బాలమల్లు మెల్లగ జవాబు చెప్పిండు. వానకాలంల ఈ దవాఖాన డాక్టరే బడికొచ్చి పిల్లలందరినీ చూసిండు. కైలాసం డొక్క కింద ఒత్తి చూసి, కార్జానికి, అదే కాలేయానికి, కొవ్వు పట్టి వాచిందన్నడు. గుండె సుత మొయ్యలేని బరువు మోస్తుందన్నడు. తిండి జర తగ్గించి రోజూ ఉరికిస్తే ఈ ఈడుల మళ్ల మంచిగైతదని, ఇప్పుడు ఇడిసిపెడితే పెద్దగైనంక చేతికి రాదని చెప్పిండు. ఆ ముచ్చట అప్పుడే గిర్నీకొచ్చి మీ చెవుల ఏసిన గదా అన్నడు సారు.

ఏసిండు. దశరథం ఆనాడు నవ్విండు. తిండి ఉన్న ఇంట్ల పిల్లగాడు పుష్టిగ ఉంటడు గని ఎండిన కట్టె తీరు ఉంటడా అన్నడు. నేను సుత గిట్లనే లేనా, నాకేమైందని పొట్ట నిమురుకున్నడు. ఇంకోసారి నా కొడుకును ఉరికించినవంటే బాగుండదని చెప్పి పంపిండు.

"నేను రమ్మనలే సేటూ," అన్నడు బాలమల్లు. "మీరు వద్దన్నరని చెప్పి ఇంటికి సుత తోలిన. అయినా తెల్లారంగనే వచ్చి నిలవడుతుండు."

ఆ మాటకు దశరథానికి ఇంక మండింది. ఆదిలాబాద్ దాక పోయి కలెక్టరుకు చెప్తనన్నడు. నీ నౌకరి ఊడగొట్టి, ఆ మైదానంల ఏ పిల్లగాడు కాలు పెట్టకుండ చేస్తనన్నడు.

ఇంతల కైలాసం తల్లి శంకరవ్వ ఏడ్చుకుంట వచ్చింది. కొన్ని దినాల సంది పిల్లగాడు నెయ్యి ముట్టుతలేడని, రెండోసారి అన్నం పెడితే కంచం జరుపుతుండని, దిష్టి తగిలిందనుకున్న గని గిదంత ఎరుకలేదని గోడకు ఆనుకొని కూలవడ్డది. దశరథం సారును ఇడిసిపెట్టి పెండ్లాం పక్కన నిలవడ్డడు. 

లోపటి తలుపు మూసే ఉంది. కంపౌండరు ఒకసారి బయటికొచ్చి నీళ్లు తీసుకపోయిండు. ఎట్లున్నడని అడిగితే చెయ్యి ఊపి లోపటికి పోయిండు. ఆ చెయ్యి ఊపుడుకు అర్థమేందో తెల్వక దశరథం లోపట్లోపట కాలిపోయిండు. ఒక్కడే కొడుకు. ఏ దేవునికి మొక్కాల్నో సుత యాదికొస్తలేదు.

తలుపు తెరుచుకుంది. తండ్రి ఒక్కడే రావాలన్నడు డాక్టరు.

దశరథం గడప కాడ తడబడ్డడు. ఎంత జరమొచ్చినా, శంకరవ్వ ఎంత బతిమిలాడినా, పుట్టి బుద్ధెరిగి దవాఖాన గడప తొక్కని మనిషి.  అయినా కొడుకు కోసం పోయిండు. బల్ల మీద కైలాసం కండ్లు మూసుకొని పండి ఉన్నడు. 

"పాణం ఉన్నదా సార్?" అని అడిగిండు. 

డాక్టరు చెవులల్లకెల్లి గొట్టం తీసి మెడల ఏసుకున్నడు. తర్వాత, గుండె మంచిగ కొట్టుకుంటుందన్నడు. వానకాలం కన్న ఎంతో నయమన్నడు. కార్జం వాపు సుత దిగిందని, ఉరుకుడు ఈ పిల్లగానికి మేలే చేసిందని, మరి ఎందుకు పడ్డడో తనకే సమజైతలేదని చెప్పిండు.

దశరథం నమ్మలే. మంచిగుంటే కండ్లెందుకు తెరుస్తలేడు? డాక్టరూ సారూ ఒక్కటై తనను మోసం చేస్తున్నరనుకున్నడు. మర్లి చూస్తే బాలమల్లు గడప అవతల నిలవడి ఉన్నడు. దశరథం కొట్టేటందుకు చెయ్యి లేపిండు. లేపిన చెయ్యి అట్లనే ఆగింది. మొకం తెల్లబడ్డది. రొమ్ము పట్టుకొని బల్ల మీదికి వంగిండు.

అప్పటిదాక కట్టె తీరు పండుకున్న కైలాసం దిగ్గున లేసి తండ్రిని రెండు చేతుల పట్టుకున్నడు.

"సారును ఏమనకు బాపూ, ఆయనకేం ఎరుకలేదు," అని బాపును తను పండుకున్న జాగల కూసోబెట్టి, డాక్టరు దిక్కు మర్లిండు. "నాకేం కాలే సార్, కావాల్నని పడ్డ. ఎంత చెప్పినా దవాఖానకు రాడు, జర మా బాపు గుండె చూడుండ్రి."