బిర్యానీకి బెల్టు

అరబ్బు దేశంలో జబల్ జైస్ కొండ మలుపులు మొదలయ్యే చోట, చలికాలపు పొగమంచులో డ్రైవర్ హన్మాండ్లు వ్యాన్ ఆపేశాడు.

"యల్లా, పోనీ! బిర్యానీ చల్లారిపోతాది" అన్నాడు పక్కసీట్లోని యజమాని అమీర్ జాన్.

హన్మాండ్లు వెనక్కి చూశాడు. మధ్య సీట్లో బిర్యానీ గిన్నె బెల్టు పెట్టుకుని దర్జాగా కూర్చుంది. యజమాని భార్య షహజాదీ కింద, చెప్పుల మధ్య కూర్చుని దాన్ని పట్టుకుంది.

"బెల్టు బీబీకి పెట్టాలె సార్. గిన్నెకు గాదు."

"గిన్నె ఒలికితే ఏం తినాలప్పా? నీ పెళ్ళాన్ని నువ్వు నెత్తిన పెట్టుకున్నావా?"

"లే సార్. నేను గూడ మీ లెక్కనే తెలివైనోన్ని. మోటార్‌సైకిల్ మీద బియ్యం బస్తాను తాడుతో కట్టిన. నా పెండ్లాం గౌరవ్వను పట్టుకొని కూసొమ్మన్న. బస్తా ఒక్కటే ఇల్లు చేరింది."

షహజాదీ లేచి, గిన్నెకున్న బెల్టు విప్పి, గిన్నెను మొగుడి ఒళ్ళో దించింది. తాను సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"కాలుతా ఉందే!"

"ఇంకా చల్లార్లేదు గదా, సంతోషం" అంది. "పోనీ, భాయ్."