చుక్కకి చోటు

మా అమ్మాయి మృణాళిని గోల్ఫ్ ఆడి సంపాదిస్తుంది. ఈ కాలపు ఆటగాళ్ళందరిలాగే ఒంటిమీద చోటంతా ప్రకటనలకు అమ్ముకుంది. భుజాలు సిమెంటు కంపెనీవి, చెంపలు బ్యాంకువి, పాదాలు బూట్ల కంపెనీవి. ఈమధ్యే నుదురు ఒక నూనెల కంపెనీ తీసుకుంది. వాళ్ళ గుర్తు అక్కడ వెలుగుతూ ఉంటుంది.

ఆవేళ ఫైనల్. నా భార్య సుభద్ర పూజ ముగించి కుంకుమ భరిణెతో వచ్చింది. ఆ బొట్టు లేకుండా పిల్ల ఏనాడూ ఆటకు వెళ్ళలేదు.

"వద్దమ్మా, కనబడితే కాంట్రాక్టు పోతుంది," అంది మృణాళిని. పొద్దుటినుంచీ ఏమీ తినలేదది.

"నేను కన్న మొహంలో నాకో చుక్కకి చోటు లేదుటే?"

ఆ మొహం ఇచ్చిన దేవుణ్ణి అడిగే అమ్ముకున్నామా అని నాకూ అనిపించింది.

సుభద్ర కాటుక తెచ్చి కింద కూర్చుంది. "కాలిలా ఇయ్యి."

చంటిపిల్లకి పెట్టినట్టు అరికాలికి దిష్టిచుక్క పెట్టింది.

"అమ్మా, చక్కిలిగింత!" అని నవ్వేసింది పిల్ల. టిఫిను పళ్ళెం ముందుకు లాక్కుంది.

"బూట్ల కంపెనీకి చెప్పకేం," అంది సుభద్ర.

సాయంత్రం టీవీలో, ఆఖరి దెబ్బకు ముందు మృణాళిని ఆ పాదాన్ని నేలకు ఒకసారి గట్టిగా అదిమింది. ఒళ్ళంతా ప్రకటనలు వెలుగుతున్నాయి. సుభద్ర మాత్రం ఆ బూటువైపే చూస్తోంది.