పేర్లు పడేటప్పటి పాట

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. నువ్వు వింటున్నావే ఆ జపాను బొమ్మల పాటలు, వాటిలో ఎవరూ దాచుకోని ఒక పాట సంగతి చెబుతాను.

పూజిత రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసేవాళ్ల పిల్ల. ఒకటో తరగతి.

జ్వరం మెదడుకెక్కింది. రాజమండ్రి ఆసుపత్రిలో కళ్లు తెరవకుండా పడి ఉంది.

ఇవ్వాల్సిన మందులన్నీ ఇచ్చాక డాక్టరు తల్లి సత్యశ్రీని పిలిచాడు.

"పాపకి బాగా ఇష్టమైనదేదైనా చెవి దగ్గర వినిపించండమ్మా. కాస్త కదిలినా ఆశ ఉన్నట్టే."

"పాటండి! టీవీలో నక్కపిల్ల బొమ్మలు వచ్చేవండి, జపాను వాళ్లవి. అయిపోయాక పేర్లు పడతాయి కదండీ, అప్పుడొచ్చే తెలుగు పాటంటే దానికి ప్రాణమండి."

"అయితే అదే పెట్టండి."

అక్కడే వచ్చింది చిక్కు. ఆ పాట ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

మొదట్లో వచ్చే హుషారు పాట అందరికీ నోటికొచ్చు. పేర్లు పడటం మొదలవగానే నాయనమ్మ అన్నపూర్ణమ్మ సీరియల్ పెట్టేసేది.

"పేర్లేం చూస్తావే, పరీక్షలో అడుగుతారా?" అని నవ్వేది.

ఆవిడ వంటింట్లో ఉన్న రోజే పిల్ల ఆ పాట పూర్తిగా వినేది.

టీవీలో ఆ బొమ్మలు పోయిన నెలే ఆపేశారు, ఫోనులో ఎంత వెతికినా మొదటి పాటే వచ్చింది. అది పెడితే పూజిత రెప్ప కూడా కదపలేదు.

సత్యశ్రీ వరండాలోకి వచ్చి, కాకినాడలో ఉన్న తమ్ముడు భానుతేజకి ఫోను చేసింది.

"ఒరేయ్, నీకు ఆ జపాను బొమ్మల పిచ్చి ఉంది కదరా! నక్కపిల్ల ఆఖరి పాట ఎలాగైనా పట్టుకోరా. లేకపోతే నా బిడ్డ నాకు దక్కదురా!"

"ఏడవకక్కా. మరుగునపడిన పాటలు వెతికేవాళ్ల గ్రూపు ఒకటుంది. అందులో అడుగుతాను."

వరండాలో బల్ల మీద ఒకావిడ ఆ మాటలు వింటూ కూర్చుని ఉంది. తెల్లచీర, బొట్టు లేని నుదురు, మెడకు చుట్టుకున్న కండువా.

సత్యశ్రీ లోపలికి వెళ్లగానే ఆవిడ లేచి మెల్లగా గది గుమ్మం దాకా వచ్చింది.

"పాప కోసం ఒక పాట పాడనా అండి?" గొంతు గరగరలాడుతోంది.

అన్నపూర్ణమ్మ ఎగాదిగా చూసింది. వార్డుల్లో తిరుగుతూ ప్రార్థనలు చేసేవాళ్లు ఆవిడకు కొత్త కాదు.

"మీ పాటలు మీ చర్చిలో పాడుకోండమ్మా. మాకు మా దేవుడున్నాడు."

"అది కాదండి, నేను..." దగ్గు అడ్డొచ్చి మాట ఆగిపోయింది.

"పిల్ల ఇలా పడుంటే ఇక్కడికీ తయారా? పైగా ఆ గొంతొకటి! వెళ్లిరా తల్లీ, వెళ్లిరా."

సత్యశ్రీ తల తిప్పి చూడనైనా లేదు. ఇంకా ఫోనులోనే వెతుకుతోంది.

తలుపు మూసేశారు.

కాసేపటికి తలుపు అవతల సన్నగా పాట మొదలైంది. పగిలిన గొంతు. మధ్యమధ్య తెగిపోయి, మళ్లీ అందుకుంటోంది.

దుప్పటి మీద పూజిత వేలు కదిలింది.

"అత్తయ్యా! వేలు! వేలు కదిలిందండి!"

"నా బంగారు తల్లే! హెలెన్ సిస్టర్, డాక్టరు గారిని పిలువమ్మా! ముందు ఆ గోల ఆపించు, పిల్ల బెదిరిపోతుంది!"

నర్సు హెలెన్ బయటికి పరుగెత్తింది. పాట సగంలో ఆగింది.

వేలూ ఆగింది.

డాక్టరు వచ్చి పేరు పెట్టి పిలిచాడు. అరికాలు గిల్లాడు. సత్యశ్రీ బతిమాలింది, ముద్దులు పెట్టింది, "ఇంకెప్పుడూ నీ పాట మార్చనివ్వనమ్మా, ఒక్కసారి లే" అని ఆ చిన్న కాళ్లు పట్టుకుంది.

ఆ రాత్రి గడిచింది, మర్నాడూ గడిచింది. డాక్టరు ఇక ఆమె కళ్లలోకి చూడటం మానేశాడు.

ఆ తర్వాతి పొద్దున భానుతేజ ఫోను.

"అక్కా! రికార్డు ఎవరి దగ్గరా లేదు. కానీ పాడినావిడ ఆచూకీ దొరికింది! పేరు ఆశాజ్యోతి. ఎప్పుడో హైదరాబాద్ వెళ్లి ఆ ఒక్క పాట పాడి వచ్చేసిందట. ఉండేది రాజమండ్రిలోనే! వాళ్లన్నయ్య విజయ్ పాల్ గారి నంబరు పంపాను."

సత్యశ్రీ వెంటనే నంబరు నొక్కింది.

"అండీ, మీ చెల్లెలు గారు ఒక్కసారి పాడాలండి. ఫోనులో పాడినా చాలండి. నా బిడ్డ ప్రాణమండి."





"పాడలేదమ్మా. గొంతులో క్యాన్సరు. నిన్న పొద్దున ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. ఇక మాట కూడా రాదు."



"ఎక్కడున్నారండి ఇప్పుడు?"

ఆయన చెప్పింది ఇదే ఆసుపత్రి పేరు. పై అంతస్తు.

అత్తాకోడళ్లు మెట్లెక్కి పరుగెత్తారు. పాడకపోయినా ఆ పాట మాటలైనా రాసిస్తుందేమోనని ఒక ఆశ.

మంచం మీద మెడ నిండా కట్టుతో ఒకావిడ పడుకుని ఉంది. వీళ్లను చూడగానే గుర్తుపట్టి, కిందికి చెయ్యి చూపించి, పాప ఎలా ఉందన్నట్టు కళ్లతోనే అడిగింది. సత్యశ్రీ ఏడుపు చూసి, చప్పుడు లేకుండా పెదవులు కదపసాగింది.

అన్నపూర్ణమ్మ గుమ్మం దాటి రాలేకపోయింది, మొన్న తను వెళ్లగొట్టింది ఈవిడనే.

పూజిత మళ్లీ కదలలేదు తల్లీ. నువ్వు మాత్రం ఇది మరిచిపోకు, నీ స్నేహితులకీ చెప్పు: పిల్లను లేపగలిగిన ఆ ఒక్క గొంతు తన ఆఖరి పాట పాడుతుంటే, ప్రార్థన అనుకుని నోరు మూయించింది వాళ్లే.