మోరిలో ఎర్రమట్టి

“సాయమ్మా, జంగయ్యా, జర ఇటు రండ్రి! నా కోడలి జుట్టు మోరిల ఎంతున్నదో ఇయాల మీ కండ్లతోనే చూడుండ్రి!”

అంతమ్మ కేక ఎంకపల్లి గల్లీ ఆ చివరిదాకా పోయింది. అసలే ఆదివారం పొద్దున. పిలవకపోయినా వచ్చేవాళ్లు, పిలిస్తే ఆగుతారా? చూస్తుండగానే వాకిట్లో పదిమంది పోగయ్యారు.

అశ్వినికి తల కొట్టేసినట్లయింది. కాపురానికి వచ్చి నాలుగు నెలలు. వచ్చిన మూడో వారం నుంచే ఇంట్లో నీళ్లు సరిగా పోవడం మానేశాయి. వంటింటి సింకు, స్నానాల గది, బట్టలుతికే బండ, అన్నిట్లో ఒక్కసారే నీళ్లు నిలిచిపోయేవి. మొన్న సోమవారం నల్లా దగ్గర అందరి ముందూ అత్త అననే అనేసింది: “కోడలు అడుగు పెట్టింది, మోరి మూసుకపోయింది. సాఫ్ట్‌వేర్ పిల్లకు రాలిన జుట్టు తీసి పారేసే తీరిక ఏడిది?”

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. గచ్చిబౌలి ఆఫీసులో ఎన్ని మాటలైనా పడొచ్చు గాని, ఈ పేరు మోస్తూ ఈ గల్లీలో ఎట్లా తిరగడం? మంచం కింద బ్యాగు సర్ది పెట్టుకుంది. ఇవాళ మోరిలోంచి జుట్టు బయటికొచ్చిందా, సాయంత్రం బస్సెక్కి హాస్టల్‌కి పోవడమే. భర్త గణేష్‌కి చెబితే “అమ్మ సంగతి నీకు తెల్వదా” అని చల్లగా జారుకున్నాడు మహానుభావుడు.

పైపుల పని చేసే సాముయేలు వెదురుబద్ద, గడ్డపార పట్టుకొని వచ్చాడు.

“బిడ్డా, సింకుల ఒక బక్కెట నీళ్లు ఒంపు.”

అశ్విని ఒంపింది. అటు స్నానాల గదిలో బుడబుడమని చప్పుడు.

“ఇన్నరా? జుట్టయితే ఆ ఒక్క బొక్కనే మూసుకపోవాలె. గీడ పోస్తే గాడ బుడబుడమంటున్నదంటే, అన్నీ గలిసే పెద్ద పైపుకే దెబ్బ తగిలినట్టు.”

“అబ్బో, నా కోడలికి వకీలువా నువ్వు?” అంది అంతమ్మ. “పెట్టు ఆ బద్ద. జుట్టెట్ల రాదో నేనూ చూస్తా!”

సాముయేలు వాకిట్లో పైపులు కలిసే ఛాంబర్ గుంత మూత తీసి బద్ద తోశాడు. ఆరు మూరలు పోయి టక్కున ఆగింది. మెల్లగా వెనక్కి లాగుతుంటే అందరి మెడలూ సాగాయి. అశ్విని కళ్లు మూసుకుంది.

“ఓయమ్మ, ఎర్రమట్టి!” అంది సాయమ్మ.

ఒక్క వెంట్రుక లేదు. బద్ద కొసకు ముద్దగా మట్టి, అంతే.

“పైపులకు మట్టి ఎట్లొస్తది? పైపు కూలితేనే వస్తది,” అంటూ సాముయేలు తిన్నగా వాకిలి మూలకు నడిచాడు. అక్కడ, మొన్నెప్పుడో అత్త జరిపి పెట్టిన నీళ్ల డ్రమ్ము ఒక పక్కకు ఒరిగి ఉంది. “కింద నేల కుంగింది, చూసిన్రా? ఎండకాలంల ఊరంత గడ్డి మాడిపోతే గీ డ్రమ్ము చుట్టే పచ్చగున్నది.”

డ్రమ్ము పక్కకు దొర్లించి తవ్వాడు. మట్టి గుల్లగా ఉందేమో, గడ్డపార చకచకా దిగింది. రెండడుగుల లోతులో సిమెంటు పైపు నడ్డి విరిగి లోపలికి కూలి ఉంది. దాని నడిమధ్య దిగబడి ఒక కర్రమొద్దు. మొద్దుకి పసుపు గుడ్డ పేలిక.

“ఇది పందిరి గుంజ గదనే!” అన్నాడు జంగయ్య. “గణేష్ లగ్గానికి ఏసిన పందిరి. పీకినప్పుడు కింది ముక్క ఇరిగి ఆన్నే ఉన్నట్టున్నది. ఈడ ఎవలు పాతిపిచ్చిన్రు?”

“ఇంకెవలు? నేనే!” అంతమ్మ గొంతు ఇందాకటి కేకకు ఏమాత్రం తగ్గలేదు. “గాలికి పడ్తదని ఇంకో మూరెడు దింపిపిచ్చిన. పైపు పలగ్గొట్టింది నేను, మాటలు వడ్డది పిల్ల.”

వాకిలంతా గొల్లుమంది. “వారం సంది పిల్లను ఆడిపోసుకుంటివి గదనే! మోరి మూసింది కోడలు గాదు, అత్తనే!” అని సాయమ్మ చప్పట్లు కొట్టింది. అంతమ్మ తల వంచుకొని లోపలికి పోయింది.

అశ్వినికి గుండెల మీది బండ దించినట్లయింది. నవ్వుకుంటూ జనం వెళ్లిపోయాక, సాముయేలుకి చాయ్ తెచ్చిచ్చింది. కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

“అన్నా, నీకు చేతులెత్తి మొక్కాలె. నువ్వు రాకపోతే సాయంత్రం నేను ఈ ఇల్లు ఇడిచి పోయేదాన్ని. పాపం, అత్తమ్మనే పదిమందిల నవ్వులపాలైంది.”

సాముయేలు ఒకసారి ఇంటివైపు చూసి గొంతు తగ్గించాడు.

“నాకెందుకు మొక్కుతవు బిడ్డా? శుక్రారం నువ్వు ఆఫీసుకు పోయినంక నేను వచ్చి, గీ గుంతనే తవ్వి గుంజ జూపిచ్చిన. అప్పుడే బాగు జేస్తనంటే మీ అత్త ఒద్దన్నది. మట్టి కప్పిపిచ్చి మీద డ్రమ్ము పెట్టి, ‘ఆదివారం రా సాముయేలూ, పదిమందిల నేనేసిన నింద పదిమందిలనే పోవాలె’ అన్నది.”