ఊక బూడిద

దుర్గాప్రసాదరాజు గారికి ఆ ముసలాయన్ని చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది.

అది రెండువేల రెండు వేసవి. రాజుగారు భీమవరం నుంచి వచ్చి, తుని దగ్గర సముద్రపొడ్డున రొయ్యపిల్లల హేచరీ లీజుకు తీసుకున్నారు. రెండు బ్యాచ్‌లు తొట్లలోనే చచ్చాయి. మూడోదీ పోతే తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే.

ఈ తలనొప్పి చాలదన్నట్టు, ఈ ముసలి జగన్నాథరావొకడు. వారం నుంచి రోజూ గోనెసంచులతో గేటు దగ్గర తయారు.

"మీ నీళ్ళలో రాగి ఉందండి. ఏ కాస్త ఉన్నా పిల్లలు తట్టుకోలేవు."

"మీరేమన్నా సైంటిస్టా అండి?"

"కాదండి."

"మరి ఆ సంచుల్లో ఏంటి?"

"ఊక బూడిదలోంచి తీసిన సిలికా అండి. ఒళ్ళంతా కంటికి ఆనని చిల్లులే. ఆ చిల్లుల్లో రాగిని పట్టే మందు అతికించాను. నీళ్ళు దీంట్లో వడగడితే రాగి ఇక్కడే ఆగిపోద్ది."

పోరు పడలేక రాజుగారు మూలనున్న చిన్న తొట్టె చూపించారు. ముసలాయన డ్రమ్ము అడుగున గుడ్డ కట్టి, పొడి పోసి, రోజంతా నీళ్ళు వడగట్టాడు. సాయంత్రానికి తెల్లపొడి లేత నీలంగా మారింది.

"చూశారా, పట్టింది."

"గారడీ బాగానే ఉందండి. ఇక దయచేయండి."

తెల్లారి తొట్లన్నిటిలో పిల్లల్ని వదలబోతుంటే మళ్ళీ ప్రత్యక్షం.

"ఒక్కరోజు ఆగండి. మిగతా తొట్లకీ వడగడతాను. పొడి సరిపోద్ది."

రాజుగారికి ఓపిక నశించింది. వంటమనిషిని కేకేశారు.

"అచ్చాయమ్మా, ఈ సంచులు తీసుకుపోయి గిన్నెలు తోము. ఊక బూడిదేగా."

అచ్చాయమ్మ కదల్లేదు. ముసలాయన వంక చూస్తూ నిలబడింది.

"తీసుకెళ్ళమ్మా, అయ్యగారు చెప్పారుగా" అని ఆయనే సంచులు అందించి, బస్సు రోడ్డు వైపు నడిచాడు.

నాలుగో రోజుకి పెద్ద తొట్లన్నిటిలో పిల్లలు చచ్చి అడుగున పేరుకున్నాయి. మూల తొట్టెలో మాత్రం చలాకీగా తిరుగుతున్నాయి.

రాజుగారికి తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది. స్కూటరు మీద మనిషిని బస్టాండుకీ, స్టేషనుకీ తరిమారు. ముసలాయన జాడ లేదు.

"అచ్చాయమ్మా, ఆయనెవరో నీకేమన్నా తెలుసా?"

అచ్చాయమ్మ తల వంచుకుంది.

"మీతో చెప్పొద్దని ఒట్టేయించుకున్నారండి. ఈ తొట్లన్నీ కట్టించింది ఆయనేనండి. పిల్లలు ఎందుకు చస్తన్నాయో తెలీక, ఆరేళ్ళ కిందట అమ్మేసుకుని పోయారు."