పొద్దు వాలేదాకా

"నీళ్ళు! ఎవర్రా అక్కడ, దొరగారికి నీళ్ళు పొయ్యండి!" ఊరి పెద్ద తెమాలే చావడి దద్దరిల్లేలా అరిచాడు.

కితియోనా పరుగున వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు, చంకలో నీళ్ళ బుంగ. బయట చూరు కింద, చాపైనా లేకుండా గులకరాళ్ళ మీద కూర్చున్న తల్లిని చూడలేక తల దించుకున్నాడు. పరాయివాళ్ళ ముందు ఊరిని ఎగతాళి చేసింది అతనైతే, ఊరు వెలివేసింది ఇంటిల్లిపాదినీ. పొద్దు వాలేదాకా నోరు మెదపకుండా అందరికీ వడ్డిస్తే తప్పు మాఫీ, తల్లికి మళ్ళీ చావడిలో చోటు. ఒక్క మాట జారినా అంతే సంగతులు.

"చిన్నప్పట్నించీ వీడికి నోరే శత్రువు," అంది ఓ ముసలమ్మ, సీమపనస ముక్క నములుతూ. "ఇవాళ చూడండి, మాటా పలుకూ లేకుండా ఎంత ముద్దొస్తున్నాడో!"

చావడి అంతా ఘొల్లుమంది.

దొర వెంట రాజధాని నుంచి వచ్చిన ఆర్థిక శాఖ ఉద్యోగిని లోసలీనా, కితియోనా తన ఆకులో చేప వడ్డిస్తుంటే గబుక్కున లేవబోయి, మళ్ళీ కూర్చుంది. అతని మొహంలోకి చూడలేదు.

బ్యాంకు దొరకి మాత్రం ముద్ద దిగడం లేదు. "సముద్రం ఈ ఊరిని కొరుక్కుతింటోంది. అడ్డుగోడకి డబ్బిద్దామని నేనింత దూరం వస్తే, సంతకం పెట్టాల్సిన మంత్రి మొహమైనా చూపించడే! నిన్ననే ఇక్కడికి బయల్దేరాడన్నారుగా?"

లోసలీనా ఆ మాటలు ఊరివాళ్ళ భాషలో చెప్పింది. తెమాలే తాపీగా గడ్డం నిమురుకున్నాడు. "కాస్త చల్లబడనీ అమ్మా. వస్తాడని చెప్పు."

"చల్లబడ్డాక నేను పడవెక్కాలి! సంతకం లేకపోతే ఆ డబ్బు ఇంకో దీవికి పోతుంది. అయినా మీ మంత్రే రేడియోలో అన్నాడుగా, మావాళ్ళకి తినడం, తొంగోవడం తప్ప ఇంకేం రాదని!"

ఆ ముక్క లోసలీనా ఎవరికీ చెప్పలేదు. కితియోనా చేతిలో బుంగ ఒలికి నీళ్ళు దొర ఒళ్ళో పడ్డాయి.

"కళ్ళు నెత్తికెక్కాయిట్రా? చూసి పొయ్యి!" తెమాలే కసిరాడు.

కితియోనా మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాడు. బయట తల్లి రెండు చేతులతో నోరు మూసుకుని చూస్తోంది.

దొర మెత్తబడ్డాడు. "పోనీలే పాపం. ఇక్కడ ఒళ్ళొంచి పనిచేసేది ఇతనొక్కడే," అంటూ రెండు డాలర్లు అతని చేతిలో పెట్టాడు. వద్దనడానికి నోరు లేదు. కితియోనా తీసుకున్నాడు.

పడమటి నీళ్ళు ఎర్రబడి, నల్లబడ్డాయి. తెమాలే తనే బయటికెళ్ళి, కితియోనా తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన చాప మీద కూర్చోబెట్టాడు. ఆమె ఏడుస్తూనే ఉంది.

దొర సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "ఇక నేను వెళ్తా. మీ మంత్రిగారు ఎప్పుడైనా కనబడితే నా దండాలు చెప్పండి."

కితియోనా ఆ రెండు డాలర్లూ దొర ముందు పెట్టి, తడి చేతులు తుడుచుకున్నాడు.

"కలం ఇలా ఇవ్వండి," అన్నాడు ఆర్థిక మంత్రి.