ఒక్క ముంత

"ఇగ కల్లు పోసేది లేదు. బతికున్నప్పుడు గూడ రోజుకు ఒక్క ముంతనే పోసిన," అంది బాలవ్వ.

ఆమె మొగుడు భూమయ్య చనిపోయి మూడో రోజు. బాన్సువాడ శివారులో, కొత్త కాలువ గట్టు మీద పిట్టకు పెట్టి, భూమయ్య కాకి రూపంలో వచ్చి ముడతాడని అందరూ ఎదురుచూస్తున్నారు. విస్తరిలో అన్నం, మాంసం, పక్కన ముంతలో కల్లు. తుమ్మచెట్టు మీది కాకి మాత్రం కిందికి దిగడం లేదు.

కల్లు తెచ్చిన లింగాగౌడ్ గొంతు సవరించుకున్నాడు. "అక్కా, గా ముంతకు వస్తడా? రోజూ నా చెట్టు కింద లొట్టెడు తాగినంకనే ఇంటికొచ్చేటోడు."

"మరి నేను పోసిన ముంత?"

"అది నీ ముంగట తాగెటందుకు."

బాలవ్వ అతన్ని కొరకొరా చూసింది. "అయితే లొట్టే పెట్టు."

లింగాగౌడ్ కల్లు కుండ, నిండు లొట్టి తెచ్చి పెట్టాడు. కాకి రివ్వున దిగి దాని అంచున వాలింది. తనివితీరా తాగింది. తర్వాత గెంతుకుంటూ ముంత దగ్గరికి వచ్చి, బుద్ధిగా ఒక్కసారి ముక్కు ముంచింది.

బాలవ్వకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"సూసినవా తమ్మీ? సచ్చినంక గూడ నన్ను నమ్మిస్తుండు."